ఆపిన గంటకూ లెక్క రాయండి: కాంట్రాక్టర్లకు, భవన యజమానులకు, సైటు ఇంజనీర్లకు ఒక ఆపరేటర్ బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

పాత కట్టడాలు కూల్చడం, పునాదులకు గుంతలు తీయడం, మట్టి ఎత్తి పోయడం నా వృత్తి. పొక్లెయిన్ నడుపుతాను, అవసరం పడితే డోజరు కూడా ఎక్కుతాను. ఈ లేఖ జీతం పెంచమని అడగడానికి కాదు. యంత్రం రోజువారీ లెక్క రాసే లాగ్‌షీట్‌లో ఒక గడి చేర్చమని అడగడానికి. ఒక్క గడి కోసం ఇంత లేఖా అని మీకు అనిపించవచ్చు. ఆ గడి లేకపోతే ఏమవుతుందో చెప్పాలంటే ఈ మాత్రం చోటు కావాలి.

మా పని గంటల లెక్కన నడుస్తుందని మీకు తెలుసు. క్యాబిన్‌లో ఉండే అవర్ మీటరు ఇంజను నడిచినంతసేపూ తిరుగుతుంది. సాయంత్రం ఆ అంకె చూసి లాగ్‌షీట్ నింపుతాం, సూపర్‌వైజర్ సంతకం పెడతాడు, దాన్నిబట్టి బిల్లు. ఇంతవరకూ సబబుగానే ఉంది. కానీ గోడలో ఏదో తేడా కనిపించి నేను బకెట్ ఆపాననుకోండి. ఇంజను నడుస్తూ ఉంటే, 'ఊరికే మీటరు ఎక్కిస్తున్నాడు' అని మీ మనిషి సణుగుతాడు. ఇంజను కట్టేస్తే ఆ గంట బిల్లులోకి రాదు కనుక యంత్రం యజమాని నిలదీస్తాడు. ఎటు తిరిగినా తప్పు ఆపినవాడిదే. ఆపకుండా తోసుకుపోయేవాడికి మాత్రం ఏ పేచీ లేదు, గోడ నిలబడి ఉన్నంతకాలం.

అందుకని అడుగుతున్నాను. ప్రమాదం ఉందేమోనన్న అనుమానంతో ఆపిన సమయాన్ని లాగ్‌షీట్‌లో వేరే గడిలో రాయనివ్వండి. పని చేసిన గంటకు ఎంత ఇస్తారో దానికీ అంతే ఇవ్వండి.

కింద నిలబడి చూసేవారికి యంత్రం పెద్దది, గోడ చిన్నది. ఇరవై టన్నుల ఇనుము ముందు తొమ్మిది అంగుళాల ఇటుక ఎంతలే అనిపిస్తుంది. లోపల కూర్చున్నవాడి లెక్క వేరు. లీవర్లు వేలితో కదిపేంత తేలికగా ఉంటాయి, వాటి నుంచి చేతికి ఏ బరువూ తెలియదు. తెలిసేదంతా ఇంజను గొంతులోనూ, సీటు కింద యంత్రం ఒరిగే తీరులోనూ. పై వరుస ఇటుకలను లోపలి వైపుకు లాగుతున్నప్పుడు ఇంజను ఒక్కసారి బరువుగా మూలిగి, గోడ ఊడి రాకుండా యంత్రమే ముందుకు ఒరిగిందంటే, ఆ గోడను అవతల ఇంకేదో పట్టుకుని ఉందని అర్థం. అది విరగని ఊచ కావచ్చు, పక్క గదిలో కట్టిన దూలం కావచ్చు. ఇంకొక గుర్తు కళ్లకే కనిపిస్తుంది. గోడ కదలడానికి ముందు అతుకుల్లోంచి సున్నం సన్నని పొడిగా, గీత గీసినట్టు దిగుతుంది. కూల్చివేత దుమ్ము అన్ని వైపులా లేస్తుంది. ఈ పొడి అలా లేవదు, ఒకే చోట నిలువుగా రాలుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట దాని తర్వాత వస్తుంది. ఆ బీట కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

దుమ్ము అణచడానికి నీళ్లు కొట్టాలి, కొట్టి తీరాలి. కానీ నీళ్లు కొట్టిన గోడ మీద ఆ పొడి గీత కనిపించదు. అప్పుడు ఒక నిమిషం పని ఆపి, నీళ్లు ఆపించి, దిగి, దూరం నుంచి చుట్టూ తిరిగి చూడాలి. మీ లాగ్‌షీట్ భాషలో ఆ నిమిషం పేరు 'ఖాళీ'.

కట్టడానికి ఒక వరుస ఉన్నట్టే కూల్చడానికీ ఒక వరుస ఉంది. చివర కట్టింది ముందు తీయాలి. పై అంతస్తు అయ్యాకే కింది అంతస్తు. ఇది పుస్తకాల చాదస్తం కాదు. శ్లాబులూ దూలాలూ గోడలను అడ్డంగా పట్టి ఉంచుతాయి. అవి పోతే నాలుగు అంతస్తుల గోడ ఏ ఆసరా లేని ఒంటి పలక. కానీ చాలా సైట్లలో యంత్రం వచ్చేసరికే తలుపులు, కిటికీలు, చెక్క దూలాలు, ఇనుప గర్డర్లు పాత సామాను వ్యాపారికి వెళ్లిపోయి ఉంటాయి. అమ్ముకోవడంలో తప్పు లేదు. ఏది ఎప్పుడు తీయాలో వ్యాపారి నిర్ణయించడమే తప్పు. లోపలంతా బోలుగా చేసి, బయటి గోడలు మాత్రం మిగిల్చి, 'ఇంక నీదే, నెట్టెయ్' అని నాకు అప్పగిస్తారు.

అలా అప్పగిస్తే ఏమవుతుందో లోకం చూసింది. 2013 జూన్ 5న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, మార్కెట్ స్ట్రీట్‌లో కూలుస్తున్న ఒక నాలుగంతస్తుల భవనం గోడ పక్కనున్న ఒక్క అంతస్తు దుకాణం మీద పడింది. అది ఒక ధార్మిక సంస్థ నడిపే పాత వస్తువుల దుకాణం. పక్కన కూల్చివేత సాగుతున్నా దుకాణం తెరిచే ఉంది, లోపల కొనుగోలుదారులూ ఉద్యోగులూ ఉన్నారు. మొత్తం ఏడుగురు చనిపోయారు. లోపలి దూలాలు, అంతస్తులు ముందే తీసేసి, ఆసరా లేని ఎత్తయిన గోడను వదిలేశారని, వాటిని అమ్ముకోవడమే అందుకు కారణమని ప్రాసిక్యూషన్ వాదించింది. ఆ రోజు పొక్లెయిన్ నడిపిన ఆపరేటరు నేరం ఒప్పుకున్నాడు. ఏడున్నర నుంచి పదిహేనేళ్ల జైలు శిక్ష పడింది. కాంట్రాక్టరుకు పదిహేను నుంచి ముప్పై ఏళ్లు. భవన యజమాని మీద క్రిమినల్ కేసు లేదు.

ఆ ఆపరేటరును వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. అతని రక్తంలో గంజాయి, నొప్పి మందుల జాడలు దొరికాయి. అలాంటి స్థితిలో సీటు ఎక్కినవాడిని నేను మా వాడని చెప్పుకోను. కానీ ఆ కథకు రెండో సగం ఉంది, మీలో చాలామంది దాన్ని విని ఉండరు. 2017లో సివిల్ కేసులో జ్యూరీ బాధ్యతను శాతాల్లో పంచింది. దుకాణం నడిపిన సంస్థకు 75, భవన యజమానికీ ఆయన కంపెనీకీ కలిపి 18, కాంట్రాక్టరుకు 5, ఆర్కిటెక్టుకు 1. ఆపరేటరుకు కూడా 1. నూటికి ఒక వంతు బాధ్యత ఉందని తేల్చినవాడు ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు. డెబ్భై అయిదు, పద్దెనిమిది వంతులవాళ్లు పరిహారంతో బయటపడ్డారు. సివిల్ న్యాయం వేరు, క్రిమినల్ న్యాయం వేరని లాయర్లు చెబుతారు, నిజమే. నాకు అర్థమైంది ఒకటే. గోడ పడినప్పుడు లీవర్ల మీద ఎవరి చేతులున్నాయన్నదే జైలు గుమ్మం దగ్గర మొదటి ప్రశ్న. ఆ చేతులకు ఆగే స్వేచ్ఛ ఎంత ఉండిందన్న ప్రశ్న చాలా తర్వాత వస్తుంది, వస్తే.

అమెరికా ఒక్కటే కాదు. 2016 ఫిబ్రవరి 23న ఇంగ్లండులోని డిడ్‌కాట్ విద్యుత్ కేంద్రంలో పేల్చివేతకు సిద్ధం చేస్తున్న బాయిలర్ భవనం ముందే కూలి నలుగురు పనివాళ్లు చనిపోయారు. చివరి మృతదేహం బయటకు తీసేసరికి ఆరు నెలలు దాటింది. సగం కోసిన కట్టడం ఎంత ప్రమాదమంటే, శవాల కోసం కూడా మనుషులను దాని దగ్గరికి పంపలేకపోయారు.

ఇక శ్లాబుల సంగతి. పై అంతస్తు కూల్చిన శిథిలాలను కింది శ్లాబు మీదే పడనిస్తారు, టిప్పర్లు వచ్చాక ఒకేసారి ఎత్తవచ్చని. కాంక్రీటు ఘనపు మీటరుకు దాదాపు 2.4 టన్నులు. విరిగి గుల్లబారిన ముక్కలైనా టన్నున్నర దాకా తూగుతాయి. ముప్పై సెంటీమీటర్ల మందాన పరుచుకుంటే చదరపు మీటరుకు సుమారు 450 కిలోలు. నివాస భవనాల శ్లాబులను మనుషులూ సామానూ కలిపి చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల లెక్కన కడతారు. అంటే మోకాలి ఎత్తు కూడా లేని గుట్ట ఆ శ్లాబు మోయాల్సినదానికి రెట్టింపు. ఆ బరువు మీద నా యంత్రాన్నో, కాంక్రీటు పగలగొట్టే చిన్న బ్రేకరు యంత్రాన్నో ఎక్కించమంటే ఏమనాలి? గోడకు ఆనించి పోసిన శిథిలాలైతే కిందికే కాదు, పక్కకూ తోస్తాయి. ఇది కాగితం మీద అయిదు నిమిషాల లెక్క. ఇంజనీరు ఆ అయిదు నిమిషాలు సైటులో ఉండి వేస్తే నేను ఆపాల్సిన అవసరమే రాదు.

మట్టిపనికి వస్తే మీకు మరీ ధీమా. గోడంటే భయపడేవాళ్లు కూడా మట్టిని నమ్ముతారు. ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర నుంచి రెండు టన్నులు. ఛాతీ దాకా పూడుకుపోయినవాడికి తల బయటే ఉన్నా ఊపిరి అందదు, పక్కటెముకలు విచ్చుకోవడానికి చోటుండదు. అందుకే అమెరికా నిబంధన ప్రకారం అయిదడుగులు, అంటే సుమారు మీటరున్నర, అంతకు మించిన లోతు గుంతలో మనిషి దిగాలంటే ఏటవాలు తీయాలి, లేదా దన్ను కట్టాలి. చెక్కుచెదరని రాతిలో తవ్వితే తప్ప మినహాయింపు లేదు. తీసిన మట్టిని అంచు నుంచి రెండడుగుల లోపు పోయకూడదు.

వదులు మట్టికి ఆ నిబంధన అడిగే వాలు ఎత్తు ఒకటికి అడ్డం ఒకటిన్నర. మూడు మీటర్ల లోతు, అడుగున మీటరు వెడల్పు ఉన్న కాలువ తీయాలనుకోండి. నిలువుగా తీస్తే మీటరు పొడవుకు మూడు ఘనపు మీటర్లు. వాలుగా తీస్తే పైన వెడల్పు పది మీటర్లకు వస్తుంది, మట్టి పదహారున్నర ఘనపు మీటర్లు అవుతుంది. అయిదున్నర రెట్లు! మీరు నిలువుగా తీయమని ఎందుకు ఒత్తిడి చేస్తారో ఈ లెక్క చూస్తే నాకూ తెలుస్తుంది. పక్కన అంత ఖాళీ స్థలమూ ఉండదు. సరే, నిలువుగానే తీద్దాం. కానీ అప్పుడు దన్ను పలకలో, గోడలను ఆపేలా గుంతలో దించే ట్రెంచ్ బాక్సో తెప్పించండి. వాలూ వద్దు, దన్నూ వద్దు, పైపు అతికేవాడు మాత్రం దిగాలి అంటే, ఆ మిగిలిన డబ్బు ఎవరి ప్రాణం మీద మిగులుతోందో చెప్పనక్కరలేదు.

గుంత అంచున నా యంత్రం ఎలా నిలబడిందో చూసి ఆపరేటరు ఎలాంటివాడో చెప్పేయవచ్చు. చైన్లను అంచుకు సమాంతరంగా పెట్టినవాడు గట్టు జారితే యంత్రంతో సహా పక్కకు దొర్లుతాడు. చైన్లు అంచుకు అడ్డంగా, చైన్‌ను తిప్పే పళ్ల చక్రం వెనక వైపు ఉండేలా నిలబెట్టినవాడు ప్రమాదం పసిగడితే రెండు లీవర్లూ లాగి వెనక్కి రాగలడు. క్యాబిన్‌ను పూర్తిగా వెనక్కి తిప్పితే ఆ లీవర్లు తారుమారవుతాయి, ముందుకు నెడితే యంత్రం వెనక్కి పోతుంది. కంగారులో ఇది మరిచి గుంతలోకే నడిపిన సంఘటనలు మా వాళ్లు కథలుగా చెప్పుకుంటారు. అంచుకు సమాంతరంగా, మీటరు దూరంలో నేల మీద సన్నని బీట పడిందంటే గట్టు అప్పటికే విడిపోవడం మొదలైంది. దాన్ని చూసి నేను యంత్రాన్ని వెనక్కి తీసి, లోపలివాళ్లను పైకి రమ్మని హారన్ కొడతాను. 'ఎండకు పడ్డ బీట' అంటాడు మీ సూపర్‌వైజర్. కావచ్చు. అవునో కాదో తేల్చాల్సింది లోపల మనిషి లేనప్పుడు.

మట్టి ఉబ్బే సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, దీనికీ భద్రతకూ సంబంధం లేదనుకోకండి. నేలలో వంద ఘనపు మీటర్లున్న మామూలు మట్టి తవ్వాక నూట పాతిక దాకా అవుతుంది. పేల్చిన రాయైతే నూట యాభై కూడా దాటుతుంది. నేలలోని కొలతకు టిప్పర్లు మాట్లాడుకుని, చివర్లో మట్టి మిగిలిపోతే ఆ కోపం నా మీద. 'త్వరగా కానివ్వు' అన్న ఒత్తిడి అక్కడే పుడుతుంది. బకెట్‌ను అంచులు దాటి గుట్టగా నింపడం, టిప్పర్ డ్రైవరు తలమీదుగా తిప్పడం, అంచునే కుప్ప పోయడం, అన్నీ ఆ తప్పుడు లెక్క పిల్లలే.

భూమిలో ఏముందని అడిగితే ప్రతి సైటులోనూ ఒకే జవాబు: 'అక్కడ ఏమీ లేదు'. గీత గీసిన పటం చూపించమంటే ముఖాలు చూసుకుంటారు. గ్యాసు పైపు, కరెంటు కేబులు ఉన్నట్టు అనుమానం ఉన్నచోట ముందు చేత్తో గుంత తవ్వి వాటిని కళ్లతో చూసుకోవాలి, ఆ తర్వాతే బకెట్. పైనున్న తీగల సంగతి మీకు చెప్పాల్సి రావడమే విడ్డూరం. 50 వేల వోల్టుల వరకు కనీసం మూడు మీటర్లు, అంతకు మించితే ఇంకా ఎక్కువ దూరం అంటుంది అమెరికా నిబంధన. యంత్రం పెద్ద చెయ్యి, అంటే బూమ్, పైకి లేచి పక్కకు తిరిగేటప్పుడు క్యాబిన్‌లోంచి తీగ దూరం అంచనాకు అందదు. దాన్ని చూడటానికే ఒక మనిషి కావాలి, అతనికి వేరే పని చెప్పకూడదు. ఒకవేళ తగిలితే ఆపరేటరు లోపలే కూర్చోవాలి, ఎవరూ దగ్గరికి రాకూడదు. యంత్రానికి మంటలు అంటుకుంటే తప్ప దిగకూడదు. దిగాల్సి వస్తే యంత్రాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు పాదాలు కలిపి దూకి, పాదాలు కలిపే జరుగుతూ పోవాలి. ఈ ముక్క సైటులో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

యంత్రం గురించి రెండు మాటలు, ఎందుకంటే నేను ఆపేది గోడలను చూసే కాదు. ఒకటి, బకెట్ మార్చే కప్లరు. బ్రేకరు తీసి బకెట్ తగిలించడం ఇప్పుడు రెండు నిమిషాల పని. తాళం పిన్ను పడిందో లేదో దిగి చూడటం మూడో నిమిషం. ఆ మూడో నిమిషం మిగిల్చుకోబోయి, ఊడిన బకెట్ కింద మనుషులు చనిపోయారు. ఈ మధ్య వచ్చే కప్లర్లకు రెండో తాళం కూడా ఉంటుంది. అయినా నేను బకెట్‌ను నేలకు అదిమి, ఊపి చూసిగానీ ఎత్తను.

రెండోది లీవర్ల వరుస. దీన్ని మీరు ఎప్పుడూ విని ఉండరు. పొక్లెయిన్‌లో చేతి లీవర్లు రెండు రకాల వరుసల్లో వస్తాయి. ఒక వరుసలో కుడి లీవరు వెనక్కి లాగితే బూమ్ పైకి లేస్తుంది. ఇంకొక వరుసలో అదే లీవరు వెనక్కి లాగితే ఆర్మ్, అంటే బూమ్ చివర బకెట్‌ను మోసే చిన్న చెయ్యి, లోపలికి వస్తుంది. తిరగడం, బకెట్ మడవడం రెండింటిలోనూ ఒకటే, మిగిలినవి చేతులు మారతాయి. చాలా యంత్రాల్లో ఈ వరుసను మార్చే వాల్వు సీటు వెనకో, ఇంజను పక్కనో ఉంటుంది. నిన్నటి షిఫ్టువాడు తన అలవాటుకు మార్చుకుని, చెప్పకుండా వెళ్లిపోతే, నేను బూమ్ ఎత్తబోయి ఆర్మ్‌ను నా మీదికి, ముందు నిలబడ్డ హెల్పరు మీదికి లాక్కుంటాను. అందుకే కొత్త యంత్రం ఎక్కగానే ఖాళీ చోట అయిదు నిమిషాలు గాలిలో కదిపి చూసుకుంటాం. ఆ అయిదు నిమిషాలు చూసి 'ఆడుకుంటున్నాడు' అన్న కాంట్రాక్టరు దగ్గర నేను పనిచేశాను.

పొక్లెయిన్‌ను క్రేనులా వాడమనడం మరొకటి. పైపుకు గొలుసు చుట్టి బకెట్ పంటికి తగిలించి ఎత్తమంటారు. ఎత్తగల బరువు పట్టిక క్యాబిన్‌లో అతికించే ఉంటుంది. ఐఎస్ఓ 10567 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అందులో రాసేది యంత్రం తలకిందులయ్యే బరువులో 75 శాతం, లేదా హైడ్రాలిక్ బలంలో 87 శాతం, ఏది తక్కువైతే అది. అదీ గట్టి, సమతల నేల మీద. మీ సైటు నేల ఆ రెండు మాటలకూ సరిపోతుందేమో మీరే చూడండి. బూమ్ బయటికి చాచేకొద్దీ ఆ అంకె ఎంత వేగంగా పడిపోతుందో పట్టిక చదివితే మీరే ఆపమంటారు.

ఒళ్లు అలసిపోవడం గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే జాలి నాకు అక్కర్లేదు. ఐరోపా సంఘం 2002లో చేసిన ఆదేశం ఎనిమిది గంటల పనికి ఒంటికి తగిలే కంపనాన్ని కొలతల్లో పెట్టింది. సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే యాజమాన్యం చర్య తీసుకోవాలి, 1.15 దాటనివ్వకూడదు. రోజంతా బ్రేకరు కొట్టినవాడి నడుముకు ఆ అంకెలు చూడకుండానే తెలుస్తాయి. పన్నెండో గంటలో గోడను చదివే కన్ను మొదటి గంట కన్ను కాదు. క్యాబిన్ అద్దాలు మూసుకుంటే దుమ్ము నుంచి నాకు కొంత రక్షణ. నీళ్ల పైపు పట్టుకుని శిథిలాల మధ్య నిలబడ్డ హెల్పరుకు ఆ అద్దం లేదు. కాంక్రీటు దుమ్ములోని సిలికాకు అమెరికా 2016లో ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. ఆ హద్దు దాటిందని కంటికి తెలియదు. కనిపించని దుమ్మే ఊపిరితిత్తుల లోతుకు దిగేది.

మీరు చెప్పబోయే అభ్యంతరం నాకు తెలుసు. ఆపిన గంటకు డబ్బిస్తే ఆపరేటర్లు ప్రతి గంటా ఆపుతారు, టీ తాగడానికి గోడలో బీట చూస్తారు. మాలో అలాంటివాళ్లు లేరని నేను ప్రమాణం చేయను. కానీ మాలో ఎక్కువగా ఉన్న రోగం అది కాదు. 'నేనెప్పుడూ ఆపలేదు' అని మీసం తిప్పేవాడు, గోడ పడేలోపు యంత్రం వెనక్కి లాగేస్తానని పందెం కాసేవాడు, వాడే మా రోగం. అతనికి మీరు మంచి ఆపరేటరని పేరు పెట్టి ఎక్కువ పని ఇస్తారు. ఆపేవాడికి మరుసటి రోజు ఫోను రాదు. ఏ గుణానికి డబ్బు పడుతుందో ఆ గుణమే పెరుగుతుంది.

దొంగ ఆపులను పట్టడం కష్టమేమీ కాదు. ఆపినవాడు గడిలో సమయం, కారణం రాయాలి, ఫోనులో ఫోటో తీయాలి. సైటు ఇంజనీరు వచ్చి చూసి, పని సాగించవచ్చనో కూడదనో తన పేరుతో రాసి సంతకం పెట్టాలి. అంతే. కారణం లేకుండా ఆపేవాడు నాలుగు రోజుల్లో తేలిపోతాడు. అసలు చిక్కు ఎక్కడంటే, ఆ సంతకం పెట్టడానికి మీలో చాలామంది ఇష్టపడరు. నోటితో 'ఏం కాదు, కానివ్వు' అనడం వేరు, అదే మాట రాసి కింద పేరు పెట్టడం వేరు. పేరు పెట్టాల్సి వస్తే 'ఒక్క నిమిషం, పైకి వెళ్లి చూసొస్తాను' అంటారు. ఈ గడి అసలు ఉపయోగం అదే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన హక్కు కూడా కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1988లో నిర్మాణ రంగం కోసం చేసిన 167వ ఒప్పందం 12వ అధికరణం ఏం చెబుతుందంటే, తీవ్రమైన ప్రమాదం ముంచుకొస్తోందని నమ్మడానికి తగిన కారణం ఉంటే పనివాడికి అక్కడి నుంచి తప్పుకునే హక్కు ఉంది, వెంటనే పైవాడికి చెప్పాల్సిన బాధ్యతా ఉంది. 24వ అధికరణం కూల్చివేతకే ప్రత్యేకం. ప్రమాదం ఉండగల కూల్చివేతను ముందే పథకం వేసి, అర్హత ఉన్న వ్యక్తి పర్యవేక్షణలోనే చేయాలంటుంది. చదివినప్పుడు బాగుంది అనిపించింది. తర్వాత ఒక సందేహం వచ్చింది: తప్పుకున్న ఆ గంట ఎవరి ఖర్చు? ఒప్పందం చెప్పని ఆ ఒక్క మాటను మీరు మీ అద్దె కాగితంలో చెప్పవచ్చు. అందుకు ప్రభుత్వమో, చట్టమో మారక్కర్లేదు. కాంట్రాక్టరు, యంత్రం యజమాని కూర్చుని ఒక వాక్యం రాసుకుంటే చాలు. భవన యజమాని దాన్ని టెండరులో ఒక షరతుగా పెడితే, ఆ గంటల ఖర్చు అందరి ధరల్లోనూ సమానంగా చేరుతుంది. తక్కువకు పాడినవాడు భద్రతను కోసి గెలిచే అవకాశం ఆ మేరకు తగ్గుతుంది. అందుకే ఈ లేఖలో భవన యజమానులను కూడా చేర్చాను. పని చవగ్గా అయ్యిందని సంబరపడేది మీరే, ఏ ముక్క కోసి అంత చవక చేశారని ఎప్పుడూ అడగనిదీ మీరే.

గడితో పాటు ఇంకో రెండు కావాలి, అవి లేకపోతే గడి ఒట్టి కాగితమే. పని మొదలుపెట్టే ముందు ఏ గోడ తర్వాత ఏ గోడ, ఏ శ్లాబు ఎప్పుడు, ఎక్కడ శిథిలాలు పోయాలి, ఎక్కడ పోయకూడదు అన్నది గీసిన ఒక కాగితం నా క్యాబిన్‌లో ఉండాలి. అందులో మార్పు వస్తే ఆ మార్పు చేసినవాడి పేరు కూడా ఉండాలి. రెండోది, నా కుడి పక్కా వెనకా చూసే ఒక మనిషి. బూమ్ కుడి వైపు చూపును సగం కప్పేస్తుంది, వెనక బరువు దిమ్మె తిరిగే వలయంలో ఎవరున్నారో అద్దంలో పూర్తిగా కనిపించదు. కెమెరాలు వచ్చాయి, మంచిదే, దుమ్ము పట్టిన కెమెరా గంటకోసారి ఎవరు తుడుస్తారో అదీ చెప్పండి. ఆ మనిషి చెయ్యి ఎత్తితే నేను ఆపుతాను, కారణం తర్వాత అడుగుతాను. అతని చేతికి విలువ ఉండాలంటే అతను ఆపించిన నిమిషాలు కూడా ఆ గడిలోకే వెళ్లాలి.

లాగ్‌షీట్ పుస్తకాలు ఎలాగూ అచ్చు వేయిస్తారు. ఈసారి వేయించేటప్పుడు 'పని గంటలు', 'మరమ్మతు' గడుల పక్కన 'భద్రత కోసం ఆపిన సమయం' అని ఒకటి చేర్చించండి. కారణం రాసే చోటు కాస్త వెడల్పుగా ఉంచండి, ఇంజనీరు సంతకానికీ చోటు వదలండి. మొదటి నెల నిండిన పుస్తకాలను యంత్రం యజమానినీ, సైటు ఇంజనీరునూ కూర్చోబెట్టుకుని చదవండి. ఏ సైటులో ఎన్నిసార్లు, దేనికి ఆపారో చూడండి. ఒక్కసారి కూడా ఆపని సైటు కనిపిస్తే ముందు అక్కడికి వెళ్లండి.

ఇట్లు,
ఒక పొక్లెయిన్ ఆపరేటరు